చేతులు ఖాళీ లేవు నానా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా కుమాసీ యూనివర్సిటీలో తెలియనివాళ్లు లేరు. ఆ రోజైతే ఏకంగా నెత్తికెక్కి కూర్చుంది. ఎక్కదా మరి? మూడేళ్లపాటు కోకో కాయల తొక్కలు కాల్చి బొగ్గు చేశాను. ఆ బొగ్గు నీళ్లలోని సీసాన్ని పట్టేస్తుందని నా వాదన. "పొయ్యిలోకి పనికొస్తుంది లేమ్మా సెర్వా" అని మా విభాగం పెద్దల వెటకారం. ఏది నిజమో తేల్చగలిగింది మా ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు తగిలించిన డిటెక్టరు ఒక్కటే. వస్తువులో ఏ మూలకం ఉంటే దాని గీతను తెరమీద లేపి చూపిస్తుంది. తీరా నా వంతు వచ్చేసరికి ఆ ముసలి మైక్రోస్కోపు కాస్తా గుటుక్కుమంది.

పక్క భవనంలోకి కొత్త మైక్రోస్కోపు వచ్చింది గానీ దానికి డిటెక్టరు లేదు. అంటే పాతదాని డిటెక్టరు ఊడదీసి అక్కడ బిగించాలి. ఆ డిటెక్టరు ముక్కుకు ఉల్లిపొరకన్నా పలచని కిటికీ ఉంటుంది. వేలు తగిలినా, గాలి ఒక్కసారిగా కొట్టినా చిరిగిపోతుంది. చిరిగితే ఇంకోటి తెప్పించే దిక్కు లేదు. నా మూడేళ్లూ బూడిదలో పోసిన పన్నీరే.

మా టెక్నీషియన్ బ్రెఫో కరెంటు తీసి, డిటెక్టరు చల్లదనం దిగేదాకా ఆగి, లోపలి శూన్యంలోకి పొడి నైట్రోజన్ వదలడం మొదలుపెట్టాడు. అదీ పిసరంత, పిసరంత.

"ఇలా అయితే తెల్లారినట్టే! కాస్త తిప్పరా బాబూ!"

"అక్కా, నీకంత తొందరైతే బయటికెళ్లి వేయించిన అరటిముక్కలు తినిరా. దీనికి మాత్రం తొందర లేదు."

ఎట్టకేలకు బోల్టులు విప్పాం. ముక్కుకు టోపీ తొడిగి, డిటెక్టరును మెత్త పరిచిన ట్రేలో పడుకోబెట్టాం. ముందు బ్రెఫో, వెనక నేను, పల్లకీ మోస్తున్నట్టు అడుగులో అడుగేసుకుంటూ బయల్దేరాం.

వరండా మలుపులో నానా సార్పోంగ్ ఎదురయ్యాడు. రిటైరైన ప్రొఫెసరు, పైగా తన ఊరికి నాయకుడు, అందుకే గౌరవంగా అందరూ 'నానా' అంటారు. భుజాన రంగురంగుల వస్త్రం, మొహం నిండా నవ్వు. "ఏరా బ్రెఫో!" అంటూ కుడిచెయ్యి చాపాడు.

మా దగ్గర పెద్దాయన చెయ్యి చాపితే చచ్చినవాడు కూడా లేచి చెయ్యిస్తాడు. అదీ కుడిచెయ్యే. ఎడమచెయ్యి ఇస్తే చెంపమీద కొట్టినంత తప్పు. ఇస్తే చాలదు, విడిచేటప్పుడు ఇద్దరి వేళ్లూ కలిసి చిటిక మోగాలి. బ్రెఫోకు ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు. వాడి కుడిచెయ్యి వాణ్ణి అడక్కుండానే ట్రే వదిలేసి వెళ్లిపోయింది.

టప్పుమని చిటిక మోగింది. ట్రే ముందుకు వాలింది. డిటెక్టరు జారింది.

"చచ్చాన్రోయ్!" అంటూ ముందుకురికి, దాన్ని రెండు చేతులా పొట్టకు అదుముకుని దబ్బున నేలమీద చతికిలబడ్డాను.

నానా కిందికి చూశాడు. "ఏం పిల్లవమ్మా? పెద్దవాణ్ణి నిలబెట్టి నువ్వు కూర్చుంటావా? పలకరింపు కూడా లేదే!" అని ఆ చెయ్యే నా ముందుకు చాపాడు.

"నానా, మీ కాళ్లకు దండం పెడతా, ఆ చెయ్యి వస్త్రంలో దాచుకోండి!" అని గావుకేక పెట్టాను.

వరండాలో అందరూ నోళ్లు తెరిచారు. "అయిపోయాం. రేపట్నుంచి ఇద్దరం మార్కెట్లో టమాటాలమ్ముకోవాలి" అని బ్రెఫో గొణిగాడు.

నానా చూపు డిటెక్టరు మీద పడింది. "ఏంటే అది, పసిబిడ్డలా హత్తుకున్నావు?"

"మూడేళ్లు మోశాను నానా!"

ఆయన పకపకా నవ్వాడు. "అలాగైతే పురిటికి నేనూ వస్తా, పదండి!" అని ముందు నడిచాడు. "తప్పుకోండ్రా! ఇవాళ ఎవరూ చేతులివ్వద్దు, కళ్లతోనే పలకరించుకోండి!" విద్యార్థులంతా చేతులు వెనక్కి కట్టుకుని మా వెంట ఊరేగింపుగా వచ్చారు. భయమూ నవ్వూ కలిసి నాకు ఎక్కిళ్లు పట్టుకున్నాయి.

కొత్త గదిలో బ్రెఫో గాలి చొరబడకుండా ఆపే రబ్బరు వలయం తుడిచి, డిటెక్టరు ఆనించి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాడు. "గీతలు సరిగ్గా లేస్తున్నాయో లేదో ముందు రాగిముక్క పెట్టి చూద్దాం అక్కా."

"రాగీ లేదు గీగీ లేదు! సీసం నీళ్లలో నానబెట్టిన నా బొగ్గే పెట్టు!"

పెట్టాడు. పంపు గుర్రుమంటూ లోపలి గాలంతా లాగేసింది. డిటెక్టరు మళ్లీ చల్లబడింది. తెర వెలిగింది. కాసేపు ఏమీ లేదు. అంతలో ఎడమ చివర కార్బన్ గీత నిటారుగా లేచింది. కిటికీ చిరగలేదు!

గది దద్దరిల్లింది. నానా వస్త్రం ఎగదోసుకుని చిందులేశాడు. నేను మాత్రం కదల్లేదు. బొగ్గులో కార్బన్ ఉండక ఏముంటుంది? నాకు కావాల్సింది సీసం. అది లేవాల్సిన చోట గడ్డి పరకంత గీత కనిపించింది. కాస్త పెరిగింది. గంధకం గీత కూడా అక్కడే లేస్తుంది, ఇది అదేనని ఎవరైనా వంక పెడతారేమో అనుకునేలోగా, దూరంగా కుడివైపున ఇంకో గీత లేచింది. సీసానికి తప్ప ఇంకెవరికీ ఆ రెండు చోట్లా చోటు లేదు.

"అదేంటమ్మా?" అన్నాడు నానా.

వేలు చూపించి భోరున ఏడ్చేశాను. బ్రెఫోకు అర్థమైంది. నన్ను అమాంతం ఎత్తి గిరగిరా తిప్పుతున్నాడు.

"దించరా వెధవా, దించు! ఇంకా పెరుగుతోందిరా!" అంటూ ఏడుస్తూ, నవ్వుతూ వాడి వీపు మీద గుద్దుతూనే ఉన్నాను.