మాత్ర మింగిందెవరు

లారీ కదలబోతుంటే మేస్త్రీ బెర్టింగ్, డెల్ఫా అనే పిల్ల చేతిలోని కత్తి లాక్కుని కింద పారేశాడు.

"దిగు. దగ్గుతా చెరకు కొట్టేవాళ్లు నాకొద్దు."

"పొగ పట్టిందయ్యా."

"రేపు పని కావాలంటే చీకటితోనే లారీ ఎక్కు. ఆసుపత్రి గుమ్మంలో కనపడ్డావో, ఈ ఎస్టేటులో మళ్లీ కత్తి పట్టవు."

ముఠా అంతా చూశాం. ఫిలిప్పీన్స్‌లోని మా నెగ్రోస్ దీవిలో చెరకు కొట్టేవాడు ముందు నేర్చేది తల దించుకోవడం.

మానకుండా మింగితే నయమయ్యే రోగానికి జనం ఎందుకు చస్తారని చదువుకునే పిల్లలు అడుగుతుంటారు. మా ఊళ్లో టీబీ మాత్ర నర్సు కళ్లెదుట మింగాలి. ఆసుపత్రి తలుపు తీసేది పొద్దెక్కాక. లారీ వెళ్లేది చీకటితో. కాస్త నెమ్మదించగానే నా భార్య లూమింగ్ మాత్రలు మాని లారీ ఎక్కింది. రోగం తిరగబెట్టింది. రోగమే చంపిందన్నాడు పాదిరి. లారీ చంపిందంటాను నేను.

ఆ సాయంత్రం ఎండుచేపలు కాలుస్తూ వాదులాడుకున్నాం.

"ఆ పిల్లని దూరంగా కూచోమనండి, మనకీ టీబీ అంటుకుంటాది" అన్నాడు ఇస్కో. ముఠాలో అందరికంటే గట్టిగా అరిచింది వాడే.

"మందు పడితే కొన్ని వారాల్లో అంటడం ఆగుద్దని నర్సమ్మ చెప్పలా? మానేస్తేనే ముప్పు" అంది మా ముఠాలోనే ఉన్న నేనా అనే ఆవిడ.

"మందు పడాలంటే మేస్త్రీ కంట పడాలిగా" అన్నాడు ఇస్కో.

"ఒక్కతే పోతే పడుద్ది. ముఠా అంతా పోతే?" అన్నాను.

"పెళ్లాంతోపాటు నీ బుర్రా పోయింది, తాసియో అన్నా. వేరే ముఠాని దింపుతాడు."

"ఆకు పోవడానికి ఇవాళే తోటకి నిప్పు పెట్టారు. కాల్చిన చెరకు ఆగుద్దా? కొత్తోళ్లు దొరికేలోగా పులిసిపోద్ది."

డెల్ఫా తలెత్తలేదు. "నా కోసం మీ పొట్టలు కొట్టుకోకండి."

"నీ కోసం ఎవడు చేస్తాడే? రేపు నాకొస్తే?" అంది నేనా.

తెల్లవారి ఎవరం లారీ ఎక్కలేదు, ఇస్కో కూడా. ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాం. బెర్టింగ్ తుపాకీ కాపలాదారుతో జీపు దిగాడు.

"రోగముందని మాత్రకొచ్చిందెవరో చెప్పండి. మిగతావాళ్లు లారీ ఎక్కండి."

కాపలాదారు తుపాకీ భుజం మీంచి దించాడు. పక్కన ఎవరి పళ్లో టకటకలాడుతున్నాయి. ఎవరూ లేవలేదు.

నర్సమ్మ తలుపు తీసింది. విషయం అర్థమై గ్లాసుల్లో నీళ్లు పోసింది. ఒక్కొక్కరం లోపలికెళ్లి, గ్లాసుడు నీళ్లు తాగి, మూతి తుడుచుకుంటూ బయటికొచ్చాం. మాత్ర నిజంగా మింగిన డెల్ఫా మా మధ్యలో ఉంది.

"మింగిందెవర్రా?" బెర్టింగ్ గొంతు కీచుమంది.

"అందరం. మా అందరికీ ఉంది. దగ్గమంటావా?" అన్నాను.

కాపలాదారు నాలుగడుగులు వెనక్కి వేసి ముక్కుకు గుడ్డ చుట్టుకున్నాడు. బెర్టింగ్ కర్రతో నా నోటి మీద కొట్టాడు. ఎస్టేటు పని ఆపించానని చేతులు విరిచికట్టి జీపెక్కించారు; బెర్టింగ్ నా పక్కనే ఎక్కాడు.

అప్పుడు చూశాను, ఇస్కో ఇంకా బయటికి రాలేదు. గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో చిన్న మూతడబ్బా. మేస్త్రీకి వినపడేలా అడిగాడు.

"నర్సమ్మా, నాది నాటకం కాదు. వానాకాలం నించీ నెత్తురు పడతాంది. పరీక్షకి కళ్లె దీన్లోనే ఉమ్మాలా?"

వాడి వెనక నేనా చెయ్యి చాపింది. "నాకూ ఓ డబ్బా ఇవ్వండి."

ఇంకో చెయ్యి లేచింది. జీపు మలుపు తిరిగింది. అది ఎవరిదో నాకు కనపడలేదు. బెర్టింగ్‌కూ కనపడలేదు.