జాబితాలో రాయని ఇల్లు

మా ప్రయాణాల గుంపులో పొట్టి మాటల జాబితా రాసింది నేనే. చాలాకాలం ఆ సంగతి గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే తప్ప చెప్పను.

మిడెల్త్ నుంచి మెక్నెస్‌కు పోయే దారి చలికాలంలో కొండ మీద ఎప్పుడు మూతపడుతుందో ఎవరూ చెప్పలేరు. మంచు ముదరగానే పోలీసులు గేటు దించేస్తారు. బస్సులూ టాక్సీలూ ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ఈ దారిన పోయే ఆడవాళ్లం ఒకరికొకరం కబురు చెప్పుకోవడానికి ఫోన్లో పెట్టుకున్న గుంపు మాది. నాలుగు వేలమందిమి ఉన్నాం. కొండల్లో సిగ్నల్ నిలవదు కనుక రెండేసి అరబ్బీ అక్షరాల్లో రాసుకోవడం అలవాటైంది. తా-మీమ్ అంటే దారి తెగింది. మీమ్-ఖాఫ్ అంటే పక్కన మగవాడు ఇరుక్కుని కూర్చోకుండా టాక్సీలో డ్రైవరు పక్కనుండే రెండు చోట్లూ ఒక్కరే తీసుకోవడం. అలిఫ్-లామ్ అంటే జాబితా చదువుకోండి అని. కొత్తవాళ్లు ఏదైనా అడగడం పాపం, ఎవరో ఒకరు ఆ రెండక్షరాలూ పడేస్తారు.

నేను చేరినప్పుడు ఆ జాబితా కూడా లేదు. మా ఆయన పేరు బస్సూ, టాక్సీ నడుపుతాడు. అతని ఫోన్లోంచి, అతని పేరుతోనే చేరాను. నా చదువు ఆరో తరగతితో ఆగింది. మా గూడెం నుంచి పెద్దబడికి నడిచేంత దూరం కాదు, హాస్టల్లో ఆడపిల్లలకు చోటు లేదు. అందుకని ఏదైనా తెలియకపోతే అడగడానికి నాకు నోరు రాదు, నవ్వుతారేమోనని. నెలరోజులు అందరూ రాసేవి చూసి, ఏ అక్షరాలు ఎప్పుడు వస్తున్నాయో గమనించి, పాపాయి టీకాల పుస్తకం వెనక రాసుకున్నాను. గుంపును నడిపే లల్లా ఫద్మా ఒకసారి మా ఇంటికొచ్చినప్పుడు అది చూసింది. ఆవిడ రిటైరైన నర్సు, మాటంటే మాటే. కొత్తవాళ్ల అవస్థ నీకే బాగా తెలుసు, ఇది నువ్వే పెట్టు పిల్లా అంది. అలా అరవై పైచిలుకు మాటలతో జాబితా తయారైంది. అప్పట్నుంచి కొత్తవాళ్ల సంగతి నాది.

ఒక్క మాట మాత్రం అందులో రాయలేదు. బా-మీమ్.

తెరిచిన ఇల్లు అని దాని అర్థం. గేటు పడిన రోజున పిల్లలతో చిక్కుకుపోయిన ఆడవాళ్లకు పడుకునే చోటిచ్చే ఇళ్లు దారి పొడుగునా పదకొండు ఉన్నాయి. మిడెల్త్‌లో మాది ఒకటి. ఎవరైనా తా-మీమ్ అని రాస్తే కింద మేం బా-మీమ్ అనీ, ఊరి పేరూ రాస్తాం. తెలిసినవాళ్లు విడిగా కబురు పెట్టి చిరునామా తెలుసుకుంటారు. బయట దాని అర్థం చెప్పకూడదు. కొత్తమనిషి ఎవరో, ఎవరి తాలూకో కనుక్కుని, ఆడమనిషేనని తేలాక నేనే విడిగా చెప్పాలి. అది లల్లా ఫద్మా పెట్టిన కట్టడి. అందులో తప్పేమీ లేదు. కిందటి డిసెంబరులో ఒకడు చంటిబిడ్డ తల్లినని రాసి, ఇట్జెర్‌లో ఒక వితంతువు ఇంటి చిరునామా రాబట్టి, చీకటి పడ్డాక వచ్చి తలుపు కొట్టాడు. పక్కింటివాళ్లు తరిమేశారు. ఆ సంగతి విన్న దగ్గర్నుంచి గాలికి తలుపు కదిలినా నేను మా పాప తిలీలాను ఎత్తుకుని నిలబడేదాన్ని. దానికి అప్పుడు ఏడాదిన్నర.

జనవరిలో ఒక ఆదివారం సాయంత్రం గుంపులో పెద్ద ఉత్తరంలాంటిది వచ్చింది. పెట్టినవాళ్ల పేరు సయీద్, బొమ్మ మోటారుసైకిలు. మాది రిష్ దగ్గర పల్లె, పాపకు పద్నాలుగు నెలలు, అంగిలి చీలి పుట్టింది, పాలు ముక్కులోంచి వస్తాయి, రబాత్‌లో ఆపరేషనుకు ఎనిమిది నెలలు ఆగితే గురువారం పొద్దున్నకు పిలిచారు, మాటలు రాకముందే కుట్టాలన్నారు, ఆలస్యమైతే పలుకు సరిగ్గా రాదన్నారు, మంగళవారం బయల్దేరితే చాలా, సోమవారమే పోవాలా, దారిలో ఆగిపోతే పసిదానితో ఎక్కడ ఉండాలి. ఎక్కడా చుక్క లేదు, ఆపు లేదు.

నేను అంతా చదివాను. చదవలేదని ఇప్పుడు అబద్ధం చెప్పను. మోటారుసైకిలు బొమ్మ చూశాను, సయీద్ అన్న పేరు చూశాను, చంటిబిడ్డ కథ చూశాను. ఇట్జెర్ తలుపు గుర్తొచ్చింది. నేను కూడా ఇలాగే మొగుడి పేరుతో చేరినదాన్నని గుర్తు రాలేదు. విడిగా అడిగి కనుక్కోవాల్సింది. రెండు మాటల పని. తిలీలాకు స్నానం చేయించాలి, నీళ్లు చల్లారిపోతున్నాయి. అలిఫ్-లామ్ అని రాసి ఫోను పక్కన పెట్టేశాను.

సోమవారం మధ్యాహ్నం గేటు పడింది. గుంపులో తా-మీమ్‌లు వరుసకట్టాయి. నేను బా-మీమ్, మిడెల్త్ అని పెట్టాను. ఆ రెండు రోజులూ మా ఇంట్లో ఎవరూ దిగలేదు. గదిలో పరుపులు వేసి, పొయ్యి రాజేసి ఉంచాను. ఖాళీగానే ఉన్నాయి. బుధవారం తెల్లవారుతుండగా దారి తెరిచారు.

శుక్రవారం నేను కుస్‌కుస్ రవ్వ ఆవిరికి పెడుతుంటే బస్సూ గుమ్మంలోంచి పిలిచాడు. మెక్నెస్ నుంచి తెచ్చిన ప్రయాణికుల్లో ఒకామె ఉందట, రిష్‌కు టాక్సీ నిండటానికి ఇంకా గంట పడుతుందట, పాపకు ఒంట్లో బాగాలేదట.

“అన్నం తిని పోతుంది. టాక్సీల స్టేషన్లో చలికి కూచోబెట్టడం ఎందుకు?” అన్నాడు.

ఆమె పేరు రబ్హా. నాకంటే ఓ ఏడాది చిన్నదేమో. పాపను దుప్పటితో వీపుకు కట్టుకుంది. దింపగానే పాప దగ్గింది. ఆ దగ్గు వింటే చాలు, ఏ తల్లికైనా తెలుస్తుంది, గుండెల్లోంచి వస్తోంది. పాలు వెచ్చబెట్టి ఇచ్చాను. రబ్హా చెంచాతో కొద్దికొద్దిగా పోస్తోంది. సగం పాలు ముక్కులోంచి కారాయి. ఆమె అలవాటైన చేత్తో కొంగుతో తుడిచింది.

అప్పుడే నాకు ఆదివారం నాటి ఉత్తరం గుర్తొచ్చింది.

బస్సూ అడిగాడు, పని జరిగిందా తల్లీ అని. జరగలేదంది. రబాత్‌కు బుధవారం రాత్రికల్లా చేరిందట, గురువారం అందరికంటే ముందే ఆసుపత్రి దగ్గర నిలబడిందట. డాక్టరమ్మ పాప వీపు మీద గొట్టం పెట్టి విని, ఇంత దగ్గుంటే మత్తు ఇవ్వలేం, ఛాతీ బాగయ్యాక రమ్మందట. బాగయ్యాక అంటే మళ్లీ వరసలో చేరడమే. పండక్కి ముందు కాదు, ఆ తర్వాతా ఖాయం కాదు అన్నారట. తారీకు కూడా కాగితం మీద రాయలేదు.

“ఇంట్లోంచి బయల్దేరినప్పుడు దీనికి చీమిడి కూడా లేదు. ఇక్కడ మీ ఊరి స్టేషన్లో పట్టుకుంది. కాఫీ హోటలు తలుపు తీసిందే తీసినట్టుంటుంది కదా, మనుషులు వస్తూ పోతూ. రెండు రాత్రులు ఒళ్లోనే పెట్టుకున్నాను,” అంది రబ్హా.

బస్సూ నావైపు చూశాడు. మా ఇంటికి స్టేషను మూడు వీధుల దూరం. చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేశాడు.

తిన్నాక, మా ఆయన టీ తాగుతుండగా, రబ్హా నా పక్కకు జరిగింది. కొంగులోంచి ఫోను తీసింది. అద్దం పగిలిన ఫోను, వాళ్లాయనది. నిన్నొకటి అడగనా అక్కా, చదువుకున్నదానిలా ఉన్నావు అంది. ఆ మాటకు నేను తలెత్తలేకపోయాను.

ఆమె చూపించింది మా గుంపు. ఉత్తరం, దాని కింద నా రెండక్షరాలు.

“జాబితా చదవమన్నారు. స్టేషన్లో కూచుని చదివాను. నేను కూడబలుక్కుని చదవాలి, రెండు రాత్రులూ పట్టింది. మొత్తం చదివాను అక్కా, ఒక్కటి వదల్లేదు. కానీ ఇదిగో, ఈ మాట అందులో లేదు. మిడెల్త్ అని మీ ఊరి పేరుతోనే ఉంది చూడు. దీనర్థం ఏంటి?”

ఆమె వేలు బా-మీమ్ మీద ఉంది.

ఎంతోమంది కొత్తవాళ్లకు ఆ మాట విడమరిచి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ అవతలివాళ్లు సంతోషించేవారు. బస్సూ లేచి బయటికి పోయాడు.

“దారి ఆగిపోతే పసిపిల్లలతో ఉన్నవాళ్లు వచ్చి పడుకునే ఇల్లు అని,” అన్నాను.

“ఈ ఊళ్లో ఉందా అట్లాంటిది?”

“ఇదే.”

రబ్హా గదంతా చూసింది. గోడవార మడిచి పెట్టిన పరుపులు చూసింది. కట్టెల పొయ్యి చూసింది. పొయ్యి పక్కన తిలీలా తన బొంతమీద పడి నిద్రపోతోంది, బుగ్గలు ఎర్రగా. రబ్హా దాన్ని చాలాసేపు చూసింది. నేను ఆపుకోలేక చెప్పేశాను, చదవమని రాసింది నేనే, జాబితా రాసింది నేనే, ఆ ఒక్క మాట అందులో పెట్టనిదీ నేనే అని. మగవాడి పేరు చూసి భయపడ్డానని, ఇట్జెర్ సంగతీ చెప్పాను. చెబుతుంటే అవి నాకే సాకుల్లా వినిపించాయి.

ఆమె తిట్టి ఉంటే కాళ్లు పట్టుకునేదాన్ని.

“నువ్వూ పిల్ల తల్లివే కదా, భయం ఉంటుంది,” అంది. పాపను ఒళ్లోకి తీసుకుని, “నన్నొక మాట అడిగి ఉంటే సరిపోయేది. నా గొంతు వినిపించేదాన్ని. పాప ఏడుపు వినిపించేదాన్ని.”

ఈ రాత్రికి ఉండిపొమ్మన్నాను, దగ్గుకు ఆవిరి పడదామన్నాను, పొద్దున్నే బస్సూ ఇంటిదాకా దింపుతాడన్నాను. వద్దంది. టాక్సీ నిండుతుంది, చీకటి పడకముందే కనుమ దాటాలి అంది. ఆమె దుప్పటి ముడేసుకుంటుంటే నేను పాపను పట్టుకున్నాను. చొక్కాలోంచి కూడా ఊపిరి గరగర నా అరచేతికి తెలిసింది. స్టేషను దాకా వెంట నడిచాను. మూడు వీధులు, నడిస్తే ఎంతసేపో కాదు.

ఆ మర్నాడే లల్లా ఫద్మాకు ఫోను చేసి బా-మీమ్‌ను జాబితాలో పెట్టేస్తానన్నాను. ఆవిడ అంతా విన్నది. తర్వాత పెట్టొద్దంది. పదకొండు ఇళ్లలో ఆరింట ఒంటరి ఆడవాళ్లే ఉన్నారు, ఒకరి గాయానికి పదకొండు తలుపులు తీసి పెట్టకు అంది. నిజమే అన్నాను. ఆవిడ మాట తప్పు కాదు. అందుకే నాకు ఎటూ పాలుపోదు. జాబితా కింద నా నంబరొక్కటి పెట్టాను, పిల్లలతో పోయేవాళ్లు చదవకుండా ముందు నాకు ఫోను చేయండి అని. చేసిన వాళ్ల గొంతు వింటాను. పిల్ల ఏడుపు వినిపించమని అడుగుతాను, కొందరు నన్ను పిచ్చిదనుకుంటారు. అనుకోనీ.

సయీద్ పేరు గుంపులో లేదు. ఆమె వెళ్లిపోయింది. బస్సూ రిష్ టాక్సీవాళ్ల దగ్గర వాకబు చేసి నంబరు సంపాదించాడు. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ వాళ్లాయనే తీశాడు. నెమ్మదైన మనిషి. పాప దగ్గు తగ్గిందన్నాడు, రబాత్ నుంచి ఇంకా పిలుపు రాలేదన్నాడు. పిలుపొస్తే ఏ నెలైనా సరే, ఏ వేళైనా సరే, మా ఇంట్లో దిగమని చెప్పండన్నాను. వీధి పేరూ తలుపు రంగూ చెప్పాను.

చివరిసారి అతను ఆమెకు చెప్పొస్తానని ఫోను పక్కన పెట్టి లోపలికి వెళ్లాడు. వెనకాల గిన్నెల చప్పుడు, పాప ఏదో గొణుగుతున్న చప్పుడు వినిపించాయి. మాటలు మొదలైనట్టున్నాయి. ముక్కులోంచి వస్తున్నాయి, ఒక్కటీ విడిగా తెలియడం లేదు. నేను ఫోను చెవికి అదుముకుని విన్నాను.

అతను తిరిగొచ్చి, మీరు చెప్పింది చెప్పానమ్మా, విన్నది అన్నాడు.

ఏమంది అని అడిగాను.

ఏమీ అనలేదన్నాడు.