ఎనభై వేల తెల్లకణాలు

నాకు నోటి దురుసు ఎక్కువని తార్‌బహార్ రైల్వే కాలనీ అంతా అంటారు. పదిహేనేళ్లుగా ఆస్పత్రి ల్యాబులో రక్తం చూస్తున్నాను, ఎవరికీ జంకలేదు. నోరిప్పాల్సిన రోజున మాత్రం మూసుకున్నాను.

మా పక్క క్వార్టర్ ప్రసూనకి రెండు నెలల కొడుకు. వారం నుంచి దగ్గు, దగ్గితే మొహం నీలంగా అయిపోయేది. రక్తం చూస్తే తెల్లకణాలు ఎనభై వేలు. అంత పసివాడికి ఇరవై వేలు దాటితేనే చాలా ఎక్కువ. డాక్టరు చీటీ చూసి బ్లడ్ క్యాన్సర్ అన్నాడు, బొంబాయి తీసుకెళ్లమన్నాడు.

మైక్రోస్కోపులో చూసినోణ్ణి నేను. అవి క్యాన్సర్ కణాలు కావు, పూర్తిగా ఎదిగిన మామూలువే. కోరింత దగ్గు పురుగు విషం కక్కితే తెల్లకణాలు రక్తం దాటి బయటికెళ్లలేవు. స్టేషన్ గేటుకి తాళమేస్తే ప్లాట్‌ఫారం మీద జనం పేరుకుపోరూ, అలాగ. రక్తంలో అంత గుంపుగా ఉంటాయి, ఊపిరితిత్తుల్లో పురుగు మీదకెళ్లేవి తక్కువ.

"కోరింత దగ్గేమో సార్," అన్నాను.

"నువ్వు లెక్కపెట్టు చాలు. వైద్యం నేను చూసుకుంటాను."

అచ్ఛా సార్ అని వచ్చేశాను. ప్రసూనకైనా చెప్పొచ్చు. ఉద్యోగానికెసరొస్తదని చెప్పలేదు, సిగ్గులేని మనిషిని.

ఆళ్లాయన రాంప్రసాద్ ఇంజన్ల షెడ్డులో డ్యూటీ మానుకుని బొంబాయికి రైలు పాసు కోసం నాలుగు రోజులు తిరిగాడు. క్యాన్సరుకి దగ్గుమందేటని ఇంట్లో అదీ ఆపేశారు. ఐదోరోజు పిల్లాడు పోయాడు. మందు పడితే బతికేవాడో లేదో, నాకూ తెలీదు.

"క్యాన్సరుకి ఎవరేటి చేస్తారు బాబాయ్," అని ప్రసూనే నన్ను ఓదార్చింది. తేలుకుట్టిన దొంగలా తలూపాను.

పదిరోజులకి పెద్దదాన్ని, నాలుగేళ్ల శ్రీనిధిని తెచ్చింది. పిల్ల ఆగకుండా దగ్గి, చివర్న కూతపెట్టినట్టు ఊపిరి లాగింది.

"దీనికీ క్యాన్సరేనా?"

"కాదమ్మా, కోరింత దగ్గు. ఎరిత్రోమైసిన్ మందుంది, తగ్గిపోద్ది."

"ఇది అంటుకుంటదా?"

"ఆఁ. తమ్ముడి నుంచి వచ్చుంటది."

ప్రసూన పిల్ల వీపు నిమరడం ఆపేసింది.

"నీకప్పుడే తెల్సా?"

"తెల్సు."

"మరెందుకు చెప్పలేదు?"

"ఉద్యోగం పోద్దని."

ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుణ్ణనిపించింది. మందు పేరు రాసిమ్మంది. రాసిచ్చాను. చీటీ మడిచి, పిల్లని చంకకెత్తుకుంది.

"ఇది నిజమో కాదో ఇంకొకళ్లని అడిగి వేస్తాను," అంది.