మొదటిసారికే సరేనన్న పాస్టరు

పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిది, నవంబరు మొదటి ఆదివారం. ఆరాధన ముగిశాక యోసు అనే ఊళ్ళో, రేవు పక్కనున్న ప్రార్థనాలయపు వెనక గదిలో ముగ్గురు కూర్చున్నారు. ఒకరు, ఆ వసంతంలోనే రాజధాని సియోల్ నుంచి వచ్చిన యువ పాస్టరు మ్యోంగ్ సోఖో. రెండోవారు, సంఘపెద్దల్లో వయసు మళ్ళిన ఓక్ గిదోక్. మూడోవాడు, ఆ ఉదయమే సంఘం కొత్త పెద్దగా ఎన్నుకున్న పరిచారకుడు, తాళ్ళ దుకాణం ప్యో ఇన్‌సోప్.

అంతకుముందు ఎన్నికలో చేతికందినట్టే అంది జారిపోయిన పదవి అది. ఈసారి ఓట్లు లెక్కతేలగానే ఇన్‌సోప్ భార్య పరుగున ఇంటికి వెళ్ళి, పంచిపెట్టే పిండివంటకు బియ్యం నానబోసింది.

"సంఘం మిమ్మల్ని కోరుకుంది, ప్యోగారూ. ఒప్పుకుంటారా?" అన్నాడు పాస్టరు.

ఇన్‌సోప్ తల దించుకున్నాడు. "నేనెంతటివాణ్ణండీ, పాపిని. నాకన్నా యోగ్యులున్నారు."

ఆ ఊళ్ళో పెద్దరికాన్ని మొదటి పిలుపుకే అందుకున్నవాడు లేడు. తగనని చెప్పాలి. మళ్ళీ అడగాలి, మళ్ళీ తగననాలి. మూడోసారికి కళ్ళు తుడుచుకుని తలవంచాలి. ఓక్ అయితే నాలుగోసారి దాకా లాగాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

పాస్టరుకు మాత్రం ఆ ఆచారం తెలియదు. అతని కళ్ళు చెమర్చాయి. "పదవి కోసం పోట్లాడుకున్నవాళ్ళనే చూశాను. ఉన్నదే చాలునన్న మనిషిని ఈవేళ చూశాను. మిమ్మల్ని బలవంతపెట్టి పాపం కట్టుకోను." అంటూ కాగితం తీసుకుని, ఇన్‌సోప్ పదవి వద్దనుకుంటున్నట్టు రెండు వాక్యాలు రాయసాగాడు.

ఓక్ గట్టిగా దగ్గాడు. "ఏంటయ్యా ఆ తొందర! వంటింట్లో పిల్లిని తరిమినట్టు! ఇంకోసారి అడగండి."

"ఎందుకండీ? ఆయన అబద్ధమాడతారా?"

"అబద్ధమని ఎవరన్నారు? మర్యాద!"

పాస్టరు ఇన్‌సోప్ వైపు తిరిగాడు. "దేవుని ఎదుట చెప్పండి. పెద్దరికం కావాలని మీ మనసులో ఉందా?"

ఇన్‌సోప్ నోరు తెరిచాడు గానీ మాట పెగల్లేదు. కావాలంటే, ఇందాకటి దీనత్వం వేషమని తేలిపోతుంది. వద్దంటే అది అబద్ధం. కానీ పూర్తిగా అబద్ధమేనా? నిజంగానే ఎవరూ తనను పట్టించుకోని వెనక వరసలో, పొయ్యి పక్కన, చలిరోజుల్లో తాను ఎంత హాయిగా కూర్చుని ప్రార్థించుకున్నాడు! అది తృప్తా, పదవి దొరకనివాడు తనకు తాను చెప్పుకున్న ఊరటా? ఏది ముందు పుట్టిందో అతనికే తెలియలేదు.

"తమ్ముడూ, నోరు పడిపోయిందా?" ఓక్ మోకాలితో పొడిచాడు. "ఊఁ అను, చాలు."

"ఆయన మౌనమే జవాబు," అన్నాడు పాస్టరు ఆర్ద్రంగా. "వచ్చే ఆదివారం ప్రసంగంలో మీ మాటే చెబుతాను."

ఆ మాటకు ఇన్‌సోప్ గుండె గంతులేసింది. పదవి దొరికినా ఇంతటి సంతోషం కలుగుతుందా అనిపించింది. వెంటనే సిగ్గు ముంచుకొచ్చింది. అలవాటు చొప్పున పెదవులు వాటంతటవే కదిలాయి: "అయ్యయ్యో, నా పేరెత్తకండి, పాస్టరుగారూ."

"అలాగే, ఎత్తను."

ఓక్ నుదురు కొట్టుకున్నాడు. "వీడితో వేగలేం, దేవుడా! పెట్టినదీ తినడు, అడిగీ తినడు."

ఇన్‌సోప్‌కు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండిట్లో ఏది బయటపడితే తాను ఎలాంటివాడో తేలిపోతుందేమోనని, రెండూ మింగాడు. పాస్టరు సంతకం కోసం కాగితాన్ని, కలాన్ని అతని ముందుకు జరిపాడు. ఇప్పుడు నిజం చెప్పడం దీనత్వమా, సంతకం చేయడం దీనత్వమా? ఒకవేళ గర్వమే తన చేత ఈ కలం పట్టిస్తోందేమో. అలా చేసిన సంతకమైనా దేవుడికి పనికొస్తుందా?

ఇన్‌సోప్ సంతకం చేశాడు. పాస్టరు సిరా ఆరేదాకా ఊది, కాగితాన్ని భద్రంగా మడిచి, బల్ల సొరుగులో పెట్టి మూశాడు.