ఏకాసనము

గ్రీష్మాంతమున గగనము కాలిన పెంకువలె నెఱ్ఱనై పెన్నానదీసైకతములమీఁది వడగాలి దిక్కులఁ గ్రమ్ముచుండఁగా తంగేడుకుంట క్రైస్తవమందిరము నూతనసుధాలేపధవళమై మామిడితోరణాలంకృతమై బిషప్పుగారి యాగమనమున కెదురుచూచుచుండెను.

నాఁటితో నది వట్టి చర్చి గాక కథీడ్రలు కానున్నది. ప్రాచీనయవనభాషయం దాసనమునకుఁ గల పేరే యీ పేరునకు మూలమనియు బోధకుఁడు కూర్చుండి బోధించుట పూర్వాచార మగుటచే బిషప్పుగారి యాసన మెచ్చట నుండునో యదియే కథీడ్రలనియు గోపురోన్నతితోఁ బనిలేదనియు ఉపదేశి దేవవరము సంఘమునకుఁ బలుమాఱు వివరించెను. ఆ మాటలు నిజమే. వానినుండి యతఁడు తీసిన యర్థమే పాడుది.

ఆ సంఘమువారెల్లరు చాపలమీఁదఁ గూర్చుండువారు. సలోమి యొక్కతెకే ముక్కాలిపీట. ఆ మందిరపు గోడలు లేచుచుండఁగా ఱాయి మోయుచుఁ బడి యామె మోఁకాలు వంగకపోయెను. ఆమె బ్రతికినంతకాలము స్త్రీలవైపు స్తంభముకడ నా పీట యుండవలెనని నాఁటి పెద్దలు నిర్ణయించిరి. తల్లిలేని దేవవరమును బెంచిన మేనత్తయు నామెయే.

ఆ యుదయమున నతఁడే వచ్చి పీట నెత్తెను.

“అత్తా, ఈ పొద్దు నుంచి గుడిలో కుర్చీ ఒగటే. రెండోది ఉంటే దొరగారికి మర్యాద కాదు.”

“నేల కూసుంటే లేయలేను గదరా నాయనా. నేను యాడ కూసోవాల?”

“బయట అరుగు మీద కూసో.”

ఆమె వంగని కాలీడ్చుకొనుచు నరుగువైపు నడచెను. కన్నకొడుకువలెఁ బెంచినవానిచేత నెట్టించుకొనుటకంటె హీనమేమున్నది!

బిషప్పుగారు వచ్చిరి. మూఁడుమెట్ల వేదికపై టేకుటాసనమున నాసీనులై దేవుని విందునఁ గుంటివారిదే మొదటిపంక్తి యని మధురముగా బోధించిరి. పీటసంగతి వారి కెవ్వరును జెప్పలేదు. సంఘము కన్నీరు కార్చెను. దేవవరమును గార్చెను.

సాయంకాలమునకు వారు వెడలిపోయిరి. వత్సరమున కొకమాఱుకాని వారు రారు. నాఁటినుండి యా యాసనముపై తెల్లదుప్పటి కప్పఁబడియున్నది. దాని వెన్నుమీఁది దుమ్ము దులుపుటకు దేవవరము ముక్కాలిపీట నెక్కును.

అరుగుమీఁదికి వాక్యము వినఁబడదు. అందుచేఁ బ్రతి యాదివారము నాసనముపేరఁ బరఁగిన యా మందిరమున నాసనము శూన్యమై యుండఁగా సలోమి యెండలోఁ గిటికీకమ్మిఁ బట్టుకొని కడవఱకు నిలుచుండును.