ఎవరో పాడిన నలభై ఒక్క పాటలు

"మోరాగ్, ఒక్కసారి ఇలా రా. దీనికి మన పాటల పెట్టె కనబడి చావటం లేదు" అని ముందుగదిలోంచి భర్త లాక్లన్ పిలిచేసరికి ఆమె చేతుల నిండా ఓట్స్ పిండి. మూడింటికి అతని స్నేహితులు హెక్టర్, ఆంగస్ వస్తారు, అతను కొత్తగా కొన్న స్ట్రీమర్ వినడానికి. బిస్కెట్లు ఇంకా ఓవెన్‌లోకే వెళ్ళలేదు.

చేతులు కడుక్కుని వెళ్ళింది. పొద్దుటి నుంచీ ఆ వెండిరంగు పెట్టె ముందు మోకాళ్ళ మీదే ఉన్నాడు మహానుభావుడు. పాటలన్నీ బట్టలుతికే గదిలో, బట్టలారబెట్టే డ్రయ్యర్ పైనున్న అరలో, సర్వర్ అనే మరో పెట్టెలో ఉన్నాయి. అక్కడి నుంచి తెచ్చి ఇక్కడి స్పీకర్లకు అందించడం స్ట్రీమర్ పని.

"పేరూ పాస్‌వర్డూ ఇచ్చావా?"

"ఇచ్చానుగా."

"నీ పేరు ఇచ్చావు. దానికి తెలిసింది నా పేరు."

తెలియకేం. పంతొమ్మిది వందల సీడీలు ఆమె చేతుల మీదుగానే అందులోకి ఎక్కాయి. పోస్టాఫీసులో పొద్దంతా నిలబడి వచ్చి, వంట చేసి, గిన్నెలు కడిగి, అప్పుడు కూర్చునేది. మూత తీయడం, తుడవడం, కంప్యూటర్‌కు తినిపించడం, పాడినవాళ్ళ పేరూ, వాయించినవాళ్ళ పేరూ, సంవత్సరమూ కొట్టడం. మూడు చలికాలాలు అలాగే గడిచాయి. "గీతలు పడతాయి, జాగ్రత్త" అని పక్కగది కుర్చీలోంచి అతను హెచ్చరించేవాడు. ఆ తర్వాత స్నేహితులతో "లైబ్రరీ మొత్తం ఎక్కించేశానోయ్" అన్నాడు. అప్పుడామె పక్కనే నిలబడి టీ పోస్తోంది. ఒళ్ళు మండింది. టీ మాత్రం ఒలకలేదు.

అతను చెడ్డవాడేం కాదు. మంచు పడితే ముందు ఆమె కారే తుడుస్తాడు. చెవుల దగ్గరే వస్తుంది చిక్కు. పెళ్ళయిన కొత్తలో వంటింట్లో అమ్మమ్మ పాటేదో పాడుకుంటుంటే వచ్చి ఎంతో మెత్తగా, "చివర్లో నీ గొంతు దిగిపోతుంది మోరాగ్. రికార్డు పెట్టినప్పుడు వద్దు, సరేనా?" అన్నాడు. "మావాడివి సున్నితమైన చెవులమ్మా" అని అత్తగారు మురిసిపోయింది. ఆ ఇంట్లో రికార్డు పెట్టని వేళంటూ ఉంటే కదా. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆమె అతను వినేలా పాడలేదు.

పాడటం మాత్రం మానలేదు. అమ్మమ్మ పాటలంటే, కొత్తగా నేసిన ఉన్ని బట్ట గట్టిపడేలా నలుగురూ బల్ల చుట్టూ చేరి దంచుతూ పాడే గేలిక్ భాష పాటలు. ఒకరు అందుకుంటే మిగతావాళ్ళు పల్లవి పట్టాలి. ఇంట్లో అవి వచ్చినవాళ్ళలో మోరాగే మిగిలింది. ఈమధ్య ఒక చరణం ఆమెకు ఎంతకీ గుర్తురాలేదు. అప్పటి నుంచి అతను ఊళ్ళోకి వెళ్ళినప్పుడల్లా, అయినా బెరుకు వదలక డ్రయ్యర్ వేసి, ఆ చప్పుడు చాటున పాడి ఫోన్‌లో రికార్డు చేసుకుంది. ఫోన్ నిండిపోతే సర్వర్‌లో ఓ మూల దాచింది. పేరూ ఊరూ పెట్టలేదు. ఈ ఇంట్లో అతని చెవిన పడనిది ఆమెకు ఉన్నది అదొక్కటే.

"ఏ ఫోల్డర్ కావాలని అడుగుతోంది" అన్నాడు లాక్లన్. ఆమె అప్పటికే వంటింట్లో బిస్కెట్లు కోస్తోంది.

"మ్యూజిక్ అని ఉంటుంది, అదొక్కటి నొక్కు."

కాసేపాగి అతనే అన్నాడు, సంబరంగా: "ఒక్కటే ఎందుకని అన్నీ ఇచ్చేశా. ఏదీ వదిలిపోకూడదు కదా."

ఆమె చేతిలో చాకు ఆగిపోయింది. బట్టల గదిలోకి పరుగెత్తి కంప్యూటర్ తెరిచింది. ఒక్క మీట నొక్కితే చాలు, తన పాటలు మాయం. మరెక్కడా లేవవి. వేలు ఆనించింది కానీ నొక్కబుద్ధి కాలేదు. ఈలోగా వీధి తలుపు చప్పుడయింది, హెక్టర్ వాళ్ళు వచ్చేశారు.

వాళ్ళు పాటలు వినే పద్ధతి గుళ్ళో పద్ధతి. పాట నడుస్తుండగా మాట్లాడకూడదు, కప్పు సాసర్లో పెట్టకూడదు. రెండు పాటలయ్యాక హెక్టర్ పాటలు ఎంచుకునే టాబ్లెట్ అందుకుని పేర్లు చూస్తూ, "ఇదేంట్రా లాకీ, ఎవరో తెలియని గాయకులట, నలభై ఒక్క పాటలు" అని నొక్కాడు.

గదినిండా ఆమె గొంతు.

మోరాగ్ ట్రేతో వాళ్ళ మధ్యే ఆగిపోయింది. మూడో పాదానికల్లా హెక్టర్, పద్ధతి గిద్ధతి మరిచి, పల్లవి అందుకున్నాడు. ఎనభై దాటినవాడు, బొంగురు గొంతు. "మా అమ్మ పాడేది దీన్ని" అన్నాడు ఆంగస్, బిస్కెట్ చేతిలోనే ఉంచుకుని.

లాక్లన్ కళ్ళు మూసుకుని ముందుకు వంగాడు. "పాత టేపు నుంచి తీసుంటారు. వెనక ఆ గుర్రుగుర్రు వినండి. ఎప్పుడు ఎక్కించానో గుర్తులేదు గానీ, ఏం గొంతురా. పాదం చివర కూడా ఎక్కడా దిగటం లేదు."

మోరాగ్ ట్రే బల్ల మీద పెట్టింది. కప్పులు గలగలమన్నాయి.

"అది టేపు కాదు లాకీ. మన డ్రయ్యర్."

అతను కళ్ళు తెరిచాడు. స్పీకర్ల వైపు చూసి, ఆమె వైపు చూసి, మళ్ళీ స్పీకర్ల వైపు చూశాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. పాట అయ్యాక టాబ్లెట్ తీసుకుని అటూ ఇటూ నొక్కి, ఆమె చేతికిచ్చాడు.

"ఇక్కడ నీ పేరు పెట్టాలి. ఎలాగో నాకు తెలియదు." హెక్టర్ వైపు తిరగకుండానే గొంతు సవరించుకున్నాడు. "ఇవన్నీ ఎక్కించింది మోరాగే. నేను కాదు."

ఆమెకు కళ్ళు చెమర్చాయి. కోపం పోయిందని కాదు, రెండూ ఉన్నాయి. నిలబడే తన పేరు కొట్టింది, ఒక్కో అక్షరం.

"ఇన్ని ఎప్పుడు పాడావు?" అన్నాడు నెమ్మదిగా.

"నువ్వు ఇంట్లో లేనప్పుడు" అంది మోరాగ్. "ఇకనుంచి ఉన్నప్పుడు కూడా పాడతాను. పల్లవి నేర్చుకో."