స్వీటీ హీబ్రూ ప్రార్థన

పాతబస్తీ గౌలిపురలో ఇజ్రాయెలీ వలసదారుల జనాభా మొత్తం ఒకటి. పేరు స్వీటీ, వయసు పద్నాలుగు. తల్లి రాహేలు టెల్ అవీవ్‌లో ముసలివాళ్ళకు సేవ చేసే పనిలో ఉండగా అక్కడే పుట్టింది, అక్కడే బడికి పోయింది. తల్లిని అక్కడి పిల్లల్లాగే 'ఇమా' అని పిలుస్తుంది. రాహేలు వీసా అయిపోయాక ఇద్దరూ విమానం దిగారు. స్వీటీ తిరిగొచ్చిందని గల్లీ గల్లీ సంబరపడింది. ఎన్నడూ చూడని ఊరికి తిరిగి రావడం ఎలాగో ఎవరూ అడగలేదు.

పరిశుద్ధ దేశం నుంచి వచ్చారు కదా, ఒకరు యొర్దాను నీళ్ళు అడిగారు, ఇంకొకరు ఒలీవ నూనె అడిగారు. పదహారేళ్ళు అక్కడున్న రాహేలు దగ్గరగా చూసిన పుణ్యస్థలం ఒకటే, మూడో అంతస్తులో ఒక ముసలమ్మ బాత్రూం. ఆ సంగతి చెబితే వినేవాళ్ళ భక్తి ఏమవుతుందోనని సబ్బులూ చాక్లెట్లూ పంచి ఊరుకుంది.

అసలు తిప్పలు బడి దగ్గర వచ్చాయి. స్వీటీ టీసీ హీబ్రూలో ఉంది. కుడి నుంచి ఎడమకు పోయే ఆ రాత చూసి మొదటి బడివాళ్ళు "ఉర్దూ మీడియంల అడుగుండ్రి" అన్నారు. ఉర్దూ మీడియం సారు కళ్ళజోడు పెట్టుకుని, తీసి, కాగితం తిరగేసి చూసి, "యే ఉర్దూ నై అమ్మా, ప్రింటింగ్ మే గల్తీ హై" అని దాన్ని అచ్చుతప్పు కింద తేల్చాడు. ఇట్లా ఒక ఏడాది గడిచింది. ఇంకో ఏడాది పోతే పిల్ల చదువు అటకెక్కినట్టేనని రాహేలుకు అన్నం సహించడం మానేసింది.

చివరికి చర్చి పాస్టరు డానియేలు దయ తలిచాడు. చర్చి బడికి కరస్పాండెంటు కూడా ఆయనే.

"టీసీ గీసీ నేను చూస్కుంట రాహేలమ్మా, ఫికర్ చేయకు. ఆదివారం కూటంల పాప హీబ్రూల ఒక్క ప్రార్థన చేయాలె. గది అవంగనే తొమ్మిదో తరగతి ఫారం నీ చేతిల పెడ్త."

స్వీటీకి వచ్చిన హీబ్రూ లెక్కలు చేయడానికి, ఐస్‌క్రీం కొనడానికి, తోటి పిల్లలతో కొట్లాడటానికి పనికొచ్చేది. ప్రార్థన మాత్రం ఆ పిల్ల తెలుగులోనే చేస్తుంది, అదీ తల్లి గిచ్చితేనే.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. స్వీటీ చేతికి మైకు ఇచ్చారు. సరిగ్గా అప్పుడే రాహేలు కంట పడింది, ముందు వరుసలో నాగమణమ్మ. టెల్ అవీవ్‌లోనే తొమ్మిదేళ్ళు అదే పని చేసి వచ్చి ఫలక్‌నుమాలో ఉంటున్న మనిషి. హీబ్రూ ఆమెకు బాగా వచ్చు. ఇంకేముంది, సీటూ పోయింది, పరువూ పోయింది అనుకుంది రాహేలు.

స్వీటీ కళ్ళు మూసుకుంది. "హతహనా హబా..." అంది.

"అబ్బా! తండ్రీ!" అని జనం అందుకున్నారు.

అది అబ్బా కాదు. 'తర్వాతి స్టాపు' అని. బడి దగ్గర ఎక్కి ఇంటి దగ్గర దిగే సిటీ బస్సులో రికార్డు చేసిన గొంతు చెప్పే మాట. పిల్ల వరసగా ఒక్కో స్టాపూ చెప్పుకుంటూ పోయింది. తర్వాతి స్టాపు పోస్టాఫీసు, తర్వాతి స్టాపు కూరగాయల మార్కెట్టు. మధ్యలో 'బేత్' అని వినపడగానే బేత్లెహేము అనుకుని వెనక వరుస మొత్తం మోకాళ్ళ మీద పడింది. పాపం, అది 'బేత్ మెర్కహత్', మందుల షాపు.

ఇల్లు దగ్గరపడేకొద్దీ స్వీటీ గొంతు వణికింది. ఆఖరి స్టాపుకు వాళ్ళ వీధి పేరే. అది నోట రాలేదు. వెక్కి వెక్కి ఏడ్చింది. ఆత్మ దిగిందని చర్చి అంతా ఏడ్చింది. ఏ వీధి కోసమో తెలిసి ఏడ్చింది మాత్రం రాహేలే. నేనే కదా ఆ బస్సు దింపేశాను అనుకుని కుమిలిపోయింది.

పాస్టరుకు ఉత్సాహం ఆగలేదు. "నాగమణమ్మా, నీకు ఆ భాష వస్తది గద. పాప ఏమన్నదో జర అర్థం చెప్పు."

నాగమణమ్మ లేచి మైకు తీసుకుని, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఏం లేదు అయ్యగారూ. పిల్ల ఇంటికి తొవ్వ చెప్పుకుంటున్నది."

"పరలోకపు ఇల్లు!" అని పాస్టరు కేక పెట్టాడు. హల్లెలూయాలతో పైన రేకులు అదిరాయి.

కూటం అయ్యాక నాగమణమ్మ స్వీటీని దగ్గరికి తీసుకుంది. "మార్కెట్ అయినంక దవాఖాన స్టాప్ ఇడిసిపెట్టినవ్ బిడ్డా. తొమ్మిదేండ్లు నేను గాడనే దిగిన" అంది మెల్లగా. స్వీటీ ఆమెను చాలాసేపు వదల్లేదు.

పాస్టరు మాట తప్పలేదు. ఫారం తెచ్చి అక్కడే బల్ల మీద పెట్టాడు. రాహేలు పిల్ల పేరు రాసింది, పుట్టిన తేదీ రాసింది. 'సొంత ఊరు' అన్న గడి దగ్గర ఆగి, కూతురి మొహంలోకి చూసింది.

"గౌలిపుర అని రాయి ఇమా" అంది స్వీటీ. "నిజం రాస్తే సీటు ఇయ్యరు."